ఆత్మకూరా... ఏ ఆత్మకూరండీ?

హైదరాబాద్‌లోని మహాత్మాగాంధీ బస్‌స్టేషన్. పండగ రద్దీ. భుజాన సంచి, చేతిలో పిల్లాడు. విచారణ కౌంటర్ దగ్గరికెళ్లి ‘ఆత్మకూరు బస్సెక్కడ ఆగుద్ది సార్?’ అని అడిగి చూడండి. సమాధానం రాదు, ఎదురు ప్రశ్న వస్తుంది.

‘ఏ ఆత్మకూరు?’

నెల్లూరు జిల్లా వాళ్లకి ఈ ప్రశ్న విచిత్రంగానే ఉంటుంది. ఆత్మకూరంటే ఆత్మకూరే కదా! సోమశిల డ్యామ్‌కి దగ్గర, నెల్లూరు నుంచి పడమరగా బద్వేలు వైపు పోయే దారిలో ఉండే ఊరు. కానీ కౌంటర్‌లో కూర్చున్నాయన తప్పేమీ లేదు. ఆయన లెక్కలో ఆత్మకూర్లు ఒకటి కాదు, రెండు కాదు. పొరపాటున బస్సెక్కితే కృష్ణా తీరంలో దిగాల్సిన వాళ్లు పెన్నా తీరంలో తేలతారు!

అదే జలదంకి వాళ్లనుకోండి, వాళ్లకీ తంటా తక్కువ. కావలి నుంచి ఉదయగిరి వైపు వెళ్లే దారిలో ఉన్న ఈ మండల కేంద్రం పేరు చెబితే, తెలిసినవాళ్లు ఠక్కున పోల్చుకుంటారు. తెలియనివాళ్లు ‘అదెక్కడ?’ అంటారే తప్ప ‘ఏ జలదంకి?’ అనరు. కానీ జలదంకి ఓటరు ఎన్నుకునేది ఉదయగిరి ఎమ్మెల్యేని. ఆ ఉదయగిరి పేరెత్తితే మాత్రం దేశంలో సగం పటం తిరిగి రావాల్సిందే. చుట్టూ ఉన్న కొండాపురం, చేజర్ల, సోమశిల... అన్నింటిదీ అదే కథ. ఒక్క పశ్చిమ నెల్లూరులో చక్కర్ కొడితే చాలు, ఒకే పేరుతో ఎన్ని ఊళ్లుంటాయో, ఎందుకుంటాయో తెలిసిపోతుంది.

లెక్కపెడితే చేతివేళ్లు చాలవు

ముందు ఆత్మకూర్ల సంగతి చూద్దాం. నెల్లూరు జిల్లాలో ఉన్నది ఒకటి. నల్లమల అడవి అంచున, శ్రీశైలం వెళ్లే భక్తులకు పరిచయమైన ఆత్మకూరు ఇంకొకటి. అది నిన్నమొన్నటిదాకా కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. అనంతపురం జిల్లాలో మరో ఆత్మకూరు మండలం ఉంది. తెలంగాణకు వెళ్తే, జూరాల ప్రాజెక్టుకు చేరువలో వనపర్తి జిల్లా ఆత్మకూరు. ఒకప్పుడు అమరచింత సంస్థానాధీశులకు రాజధాని ఆ ఊరే. హనుమకొండ జిల్లాలో ఒక ఆత్మకూరు, సూర్యాపేట జిల్లాలో ఒకటి, యాదాద్రి భువనగిరి జిల్లాలో ఇంకొకటి. మండల కేంద్రాలే ఏడు!

గ్రామాల్లోకి దిగితే ఈ జాబితా ఇంకా పెరుగుతుంది. రాజధాని అమరావతి ప్రాంతంలో మంగళగిరి పక్కనో ఆత్మకూరు ఉంది. పల్నాడులో మరొకటి ఉంది. 2019 సెప్టెంబరులో ‘ఛలో ఆత్మకూరు’ అంటూ పత్రికల్లో పతాక శీర్షికలు వచ్చినప్పుడు అన్ని ఆత్మకూర్లవాళ్లూ ఒకసారి ఉలిక్కిపడి ఉంటారు. అది పల్నాడు ఆత్మకూరు గొడవ అని తర్వాత పేరా చదివితే గానీ తెలియదు మరి.

ఇందులో ఇంకో తమాషా ఉంది. 2004 ఎన్నికల వరకూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభలో ఆత్మకూరు నియోజకవర్గాలు రెండు. ఒకటి నెల్లూరుది, ఒకటి కర్నూలుది. ఒకే సభలో ఇద్దరు ఆత్మకూరు ఎమ్మెల్యేలన్నమాట! 2008 నాటి నియోజకవర్గాల పునర్విభజనతో కర్నూలు ఆత్మకూరు శ్రీశైలం నియోజకవర్గంలో కలిసిపోయింది. పేరు నెల్లూరుకి మిగిలింది.

ఇదేదో మనకొక్కళ్లకే అనుకోవద్దు. లోక్‌సభలో హమీర్‌పూర్‌లు ఇప్పటికీ రెండున్నాయి. ఉత్తరప్రదేశ్‌లో ఒకటి, హిమాచల్‌ప్రదేశ్‌లో ఒకటి. మహారాజ్‌గంజ్‌లూ అంతే, ఉత్తరప్రదేశ్‌ది వేరు, బిహార్‌ది వేరు. బిలాస్‌పూర్ అనగానే హిమాచలా, ఛత్తీస్‌గఢా అని అడగాల్సిందే.

ఇంటిపేర్లు తగిలించుకున్న ఊళ్లు

ఒకే క్లాసులో ఇద్దరు శ్రీనివాసులుంటే మాస్టారు ఏంచేస్తారు? ఎ.శ్రీనివాస్, బి.శ్రీనివాస్ అని హాజరు పిలుస్తారు. సర్కారు వారూ అదే చేశారు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు ఒక్క నల్గొండ జిల్లాలోనే రెండు ఆత్మకూర్లు తేలాయి. మోత్కూరు పక్కనున్నది ఆత్మకూర్(ఎం) అయింది. సూర్యాపేట వైపుది ఆత్మకూర్(ఎస్) అయింది. 2016లో తెలంగాణ జిల్లాలు విడిపోయాక మొదటిది యాదాద్రి భువనగిరికి, రెండోది సూర్యాపేటకు వెళ్లిపోయాయి. అంటే ఒకే జిల్లాలో రెండున్న ఇబ్బంది తీరిపోయింది. అయినా ఆ అక్షరాలు మాత్రం ఊడలేదు. ఇంటిపేరు ఒకసారి అతుక్కుంటే అంత తేలిగ్గా పోతుందా!

జనం మాత్రం సర్కారు అక్షరాల కోసం ఎప్పుడూ ఎదురుచూడలేదు. నంద్యాల జిల్లాలోనే ఇంకో మండలం ఉంది, పేరు బండి ఆత్మకూరు. ముందో మాట చేర్చేసరికి రెండూ వేరైపోయాయి. గోదావరి జిల్లాల్లో పోలవరం అంటే ప్రాజెక్టు కడుతున్న ఊరు. కోనసీమ లంకల మధ్య ఉన్నదేమో ఐ.పోలవరం. ‘ఐ’ అంటే ఐలాండ్. గన్నవరం అంటే విమానాశ్రయం ఉన్న ఊరు, పి.గన్నవరం అంటే కోనసీమలోది. ఇలా ఇంగ్లీషు అక్షరాన్ని నెత్తిన పెట్టుకున్న తెలుగూళ్లు కోకొల్లలు.

పాత, కొత్త, పెద్ద, చిన్న, ఎగువ, దిగువ... ఇవన్నీ అలాంటి గుర్తులే. ఒకే పేరున్న ఇద్దరు మనవళ్లని ‘పెద్దోడు’, ‘చిన్నోడు’ అని నాయనమ్మ పిలిచినంత సహజంగా పుట్టుకొచ్చినవే.

పొద్దు పొడిచే కొండలెన్ని?

ఇంతకీ ఒకే పేరు ఇన్ని ఊళ్లకి ఎందుకు పెట్టినట్టు? ఒకరిని చూసి ఒకరు పెట్టుకున్నారా? చాలాసార్లు అలాంటిదేం లేదు. కొండ పక్కనుంటే కొండాపురం. కొత్తగా కట్టుకుంటే కొత్తపల్లి. గుడిలో రాముడుంటే రామాపురం, వేంకటేశ్వరుడుంటే వెంకటాపురం. కొండలు, గుళ్లు, చెరువులు అన్నిచోట్లా ఉంటాయి కనుక పేర్లూ అన్నిచోట్లా పుడతాయి.

దీనికి ఉదయగిరిని మించిన ఉదాహరణ లేదు. సూర్యుడు ఉదయాద్రి మీద ఉదయించి అస్తాద్రి వెనక వాలతాడని మన పురాణాలు చెబుతాయి. తూర్పు వెలుగు మీద పడే కొండ కనిపిస్తే ‘ఉదయగిరి’ అనాలని ఎవరికి మాత్రం తోచదు?

అందుకే భువనేశ్వర్ పక్కన ఒక ఉదయగిరి ఉంది. కళింగ రాజు ఖారవేలుడి హాథిగుంఫా శాసనం, జైన మునుల గుహలూ అక్కడే. ఒడిశాలోనే జాజ్‌పూర్ జిల్లాలో మరో ఉదయగిరి ఉంది, అది బౌద్ధ క్షేత్రం. మధ్యప్రదేశ్‌లో విదిశ దగ్గరి ఉదయగిరి గుప్తుల కాలంనాటిది. భూదేవిని ఎత్తుకొచ్చే మహా వరాహమూర్తిని అక్కడ కొండరాతిలో చెక్కారు. కన్యాకుమారి జిల్లాలో పద్మనాభపురం దగ్గర ఉదయగిరి కోట ఉంది. 1741లో కొలచల్ యుద్ధంలో తిరువాన్కూరు రాజు మార్తాండవర్మకు చిక్కి, తర్వాత ఆయన సైన్యానికే శిక్షణ ఇచ్చిన డచ్చి అధికారి డిలెనాయ్ సమాధి ఆ కోటలోనే ఉంది. మహారాష్ట్రలోని ఉద్గీర్ కూడా ఉదయగిరే. 1760లో మరాఠాలు నిజాం సైన్యాన్ని ఓడించింది అక్కడే.

ఇక మన ఉదయగిరి. కొండ మీది ఈ దుర్గం పదహారో శతాబ్దం మొదట్లో ఒడిశా గజపతుల ఏలుబడిలో ఉండేది. సొంత సీమలో ఉదయగిరులుండగా వాళ్లు ఇంకో ఉదయగిరినీ ఏలారన్నమాట! శ్రీకృష్ణదేవరాయలు తూర్పు దండయాత్రలో మొదట గురిపెట్టింది ఈ కోట మీదే. నెలల తరబడి ముట్టడించాక 1514లో గానీ అది లొంగలేదు. ఆ విజయానికి గుర్తుగా ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని రాయలు విజయనగరానికి తీసుకెళ్లి, దానికోసం ప్రత్యేకంగా ఆలయం కట్టించాడు. హంపీలో ఇప్పటికీ చూడొచ్చు, అదే కృష్ణాలయం. విగ్రహం మాత్రం అక్కడ లేదు, చెన్నై మ్యూజియానికి చేరింది. ఊరొక చోట, గుడొక చోట, దేవుడొక చోట!

పేరొకటే... చరిత్రలు వేరు

పశ్చిమ నెల్లూరులో ఇంకొంచెం తిరుగుదాం. ఆత్మకూరు పక్కనే చేజర్ల మండలం ఉంది. పల్నాడులోనూ చేజర్ల ఉంది. పావురాన్ని కాపాడటానికి ఒంట్లో మాంసం కోసిచ్చిన శిబి చక్రవర్తి కథతో ముడిపడిన కపోతేశ్వరాలయం ఆ ఊళ్లోదే. గుడి చూడాలని బయల్దేరేవాళ్లు జిల్లా పేరు సరిచూసుకోకపోతే కపోతేశ్వరుడి దర్శనం ఆ పూటకి లేనట్టే.

ఉదయగిరి ప్రాంతంలో కొండాపురం మండలం ఉంది. హైదరాబాద్‌లో కొండాపూర్ అంటే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ల అడ్డా. సంగారెడ్డి జిల్లాలో కొండాపూర్ అంటే శాతవాహనుల కాలపు నాణేలు బయటపడిన చోటు. కడప జిల్లాలో కొండాపురం అంటే గండికోట జలాశయానికి గ్రామాలను ఇచ్చిన మండలం. పేరు ఒక్కటే కానీ ఒక్కో కొండాపురం ఒక్కో శతాబ్దంలో బతుకుతున్నట్టుంటుంది.

సోమశిలల జత అయితే మరీ చిత్రం. పెన్నా నది మీద నెల్లూరు సోమశిల, 78 టీఎంసీల జలాశయం. కృష్ణా నది ఒడ్డున నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ దగ్గర ఇంకో సోమశిల, అది సోమేశ్వరుడి క్షేత్రం. మొదటి సోమశిల దగ్గర ఆనకట్ట కట్టారు, వెనక కడప జిల్లా పల్లెలు మునిగాయి. రెండో సోమశిల తానే శ్రీశైలం జలాశయం నీళ్లకు జరగాల్సివచ్చింది, గుళ్లను విప్పి పైకి తెచ్చి మళ్లీ కట్టారు. ఒక సోమశిల నీళ్లను ఆపింది, ఒక సోమశిలను నీళ్లు జరిపాయి!

ముంపు పల్లెల వాళ్లను కదిపితే పేరు విలువేమిటో తెలుస్తుంది. ఇల్లు పోయింది, పొలం పోయింది, ఊరి రావిచెట్టూ పోయింది. కట్టుబట్టలతో బయటికొచ్చి కొత్తచోట గుడిసె వేసుకున్నాక మనిషి మొదట చేసే పని, పాత ఊరి పేరు ఆ కొత్త చోటుకి పెట్టుకోవడం. నష్టపరిహారం లెక్కల్లో లేని ఆస్తి అదొక్కటే. మునగని ఆస్తీ అదే.

ఓడ దాటిన పేర్లు

అలా పేరును మూటగట్టుకుని వెళ్లడంలో ప్రపంచమంతా ఒక్కటే. ఇంగ్లాండు నుంచి కెనడా వెళ్లినవాళ్లు అంటారియోలో ఊరు కట్టి లండన్ అన్నారు. పక్కన పారే నదిని థేమ్స్ అన్నారు. అమెరికాలో టెక్సాస్‌లో పారిస్ ఉంది, అలబామాలో బర్మింగ్‌హామ్ ఉంది.

మన పేర్లూ ఓడలెక్కాయి. వజ్రాలకు పేరుమోసిన గోల్కొండ ఇంగ్లీషువాళ్ల నోట తరగని సంపదకు మారుపేరైంది. ఆ మోజులోనే అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒహాయో నది ఒడ్డున ఒక ఊరికి గోల్కొండ అని పేరు పెట్టుకున్నారు. నెవాడాలో గనులున్న మరో చిన్న ఊరూ గోల్కొండే. ఒరెగాన్ రాష్ట్రంలో మద్రాస్ అనే పట్టణం ఉంది. మద్రాసు నుంచి వచ్చే నూలుబట్ట తానును చూసి ఆ పేరు పెట్టారని అక్కడ చెప్పుకుంటారు. మన మద్రాసు 1996లో చెన్నై అయిపోయింది. ఆ మద్రాస్ మాత్రం మద్రాస్‌గానే ఉంది. 2017 ఆగస్టులో సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి జనం ఆ ఊరికి పోటెత్తారు.

కాకినాడ దగ్గరి కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు. ఓడలు కట్టే ఊరు. అక్కణ్నుంచి బర్మా వెళ్లిన తెలుగు కూలీలను రంగూన్‌లో ‘కోరంగీలు’ అనేవారు. ఏ జిల్లా నుంచి వెళ్లినా సరే, తెలుగువాడైతే కోరంగీయే! 1839 తుపాను ఆ రేవును చావుదెబ్బ తీసింది. అయినా పేరు సముద్రం మీద ఇంకా ఉంది. ఆస్ట్రేలియా పక్కన పగడాల సముద్రంలో కోరింగా దీవులున్నాయి. 1845లో అక్కడ పగిలిపోయిన ‘కోరింగా ప్యాకెట్’ అనే ఓడ పేరు మిగిల్చిన గుర్తది.

ఇక హైదరాబాద్‌లు. మనది 1591లో కులీకుతుబ్‌షా కట్టించినది. పాకిస్థాన్‌లో సింధు నది పక్కనున్నది 1768లో కల్హోరా పాలకుడు నిర్మించినది. దేశ విభజనకు ముందు రెండూ ఒకే ఇండియాలో ఉండేవి. తేడా తెలియడానికి ఒకటి హైదరాబాద్ సింధ్, ఇంకొకటి హైదరాబాద్ దక్కన్. నాంపల్లి స్టేషన్‌ను రైల్వేవాళ్లు హైదరాబాద్ దక్కన్ అనడం అందుకే. మన హైదరాబాద్ నుంచి వలస వెళ్లినవాళ్లు ఎక్కువగా స్థిరపడింది మాత్రం ఆ హైదరాబాద్‌లో కాదు, కరాచీలో. అక్కడి బహదూరాబాద్ కూడలిలో చిన్న చార్మినార్ కట్టుకున్నారు. పేరు తెచ్చుకోవడం చాల్లేదు, గుర్తు కూడా తెచ్చుకున్నారు.

తికమకలో పుట్టిన ఆరంకెలు

పేర్ల కలగాపులగంతో ఎక్కువ ఇబ్బందిపడింది పోస్ట్‌మ్యానే. ఆత్మకూరు అని రాసి, జిల్లా రాయకుండా డబ్బాలో వేసిన ఉత్తరం ఎక్కడికి పోవాలి? పైగా మనదేశంలో ఒక్కొక్కరు ఒక్కో భాషలో చిరునామా రాస్తారు. ఈ చిక్కు విప్పడానికే శ్రీరామ్ భికాజీ వేలంకర్ అనే తపాలా శాఖ ఉన్నతాధికారి ఆలోచనతో 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ వచ్చింది. ఈయన సంస్కృత కవి కూడా. పేర్లను అమితంగా ప్రేమించే కవే, పేరుతో పనిలేని అంకెల్ని కనిపెట్టాల్సి వచ్చింది!

ఆ ఆరంకెల్లో మొదటి మూడూ చూస్తే చాలు, ఉత్తరం ఏ ప్రాంతానిదో చెప్పేయొచ్చు. 524 అంటే నెల్లూరు ఆత్మకూరు. 518 అంటే నల్లమల ఆత్మకూరు. 515 అయితే అనంతపురం వైపుది, 509 అయితే పాలమూరు వైపుది, 508 అయితే నల్గొండ వైపుది, 506 అయితే ఓరుగల్లు వైపుది. జిల్లాలు విడిపోయినా ఈ అంకెలు మారలేదు. జలదంకి, ఉదయగిరి, ఆత్మకూరు... మూడూ 524 కుటుంబమే.

ఇప్పుడు ఉత్తరాలు తగ్గాయి కదా, ఇక తికమకేముంది అనుకోకండి. కంప్యూటర్‌కి అమాయకత్వం మరీ ఎక్కువ. ‘ఆత్మకూరు’ అని కొడితే జాబితాలో ముందున్న ఊరిని చూపిస్తుంది, మనం నొక్కేస్తాం. 2017లో నెదర్లాండ్స్ కుర్రాడొకడు ఆస్ట్రేలియా సిడ్నీకని విమానం టికెట్ కొన్నాడు. చవగ్గా వచ్చిందని సంబరపడ్డాడు. తీరా దిగి చూస్తే కెనడాలో నోవాస్కోషియా రాష్ట్రపు సిడ్నీ! ఒంటి మీద పల్చటి జాకెట్, బయట మంచు తుపాను. చివరికి ఇంటికి తిరిగి వెళ్లాడు. విమానాల్లోనే అలా ఉంటే బస్సుల సంగతి చెప్పాలా!

అందుకే కొన్ని జాగ్రత్తలు. ఊరి పేరు పక్కన మండలం, జిల్లా తప్పకుండా రాయండి. పాత సర్టిఫికెట్లలో పాత జిల్లా పేరుంటే దరఖాస్తులో పాత, కొత్త జిల్లాలు రెండూ చూసుకోండి. 2016లో తెలంగాణలో, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో చాలా ఊళ్లకు జిల్లాలు మారాయి. పరీక్షా కేంద్రం ‘గూడూరు’, ‘కందుకూరు’ అని ఉంటే ముందురోజే పిన్‌కోడ్ చూడండి. గూడూర్లు నెల్లూరు వైపు, కృష్ణాలో, కర్నూల్లో, మహబూబాబాద్‌లో ఉన్నాయి. కందుకూరు సింగరాయకొండ పక్కనా ఉంది, హైదరాబాద్ శివార్లలోనూ ఉంది. అరగంట ఆలస్యమైతే ఏడాది పోయే రోజులివి.

పేరు పోటీ కాదు, పేటెంటు!

పేరు ఒకటే అయితే ఒక్కోసారి అన్నమే పోతుంది. ఉదయగిరి చెక్క గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చూశారా? కొండ మీద దొరికే కర్రతో, చేతి పనిముట్లతో చెక్కే నగిషీ పని అది. ఇంట్లో ఆడవాళ్లు కూడా కూర్చుని చేస్తారు. ఎక్కడో యంత్రం మీద చేసిన గరిటెకి ‘ఉదయగిరి’ అని పేరు తగిలిస్తే ఈ చేతుల పని ఏమవ్వాలి? అందుకే ‘ఉదయగిరి వుడెన్ కట్లరీ’కి భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నారు. ఉదయగిరులు ఎన్నైనా ఉండొచ్చు, ఆ గరిటె మాత్రం ఈ ఉదయగిరిదే అని చట్టం చెప్పిన మాట అది. వెంకటగిరి చీరకి ఉన్న రక్షణే ఈ చెంచాకీ ఉంది.

ఊరు వెంట వస్తుంది

అన్నిటికన్నా పెద్ద ఆస్తి మన దగ్గర ఇంకొకటుంది. తెలుగువాళ్ల ఇంటిపేర్లలో ఊళ్లుంటాయి. ఎప్పుడో ఏ కరవుకో, ఏ యుద్ధానికో ఊరొదిలి వెళ్లిన కుటుంబాన్ని కొత్త ఊళ్లో ‘ఫలానా ఊరివాళ్లు’ అన్నారు. తరాలు గడిచాయి, ఆ మాటే ఇంటిపేరైంది. గోదావరి ఒడ్డున రాజమహేంద్రవరంలో పుట్టిన వీరేశలింగం గారి ఇంటిపేరు కందుకూరి. ఆత్మకూరి వారున్నారు, అద్దంకి వారున్నారు, చేజర్ల వారున్నారు. జలదంకి వారూ ఉన్నారు.

వాళ్లలో చాలామంది ఆ ఊరు చూసి ఉండరు. బస్సు ఏ దారిన పోతుందో కూడా తెలియకపోవచ్చు. కానీ పాస్‌పోర్టులో ఊరుంది. అమెరికా వెళ్లాక ఆఫీసులో, ఆస్పత్రిలో, పిల్లల బడిలో పిలిచేది ఇంటిపేరుతోనే. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఏ నర్సమ్మో చేతిలో కాగితం చూసి, నోరు తిరక్క కూడబలుక్కుంటూ ‘మిస్టర్ జ...ల...దం...కీ’ అని పిలిస్తే, లేచి నిలబడేది మనిషి ఒక్కడే కాదు. కావలి దారిలో ఉన్న ఒక ఊరు కూడా.

ఈ ఆదివారం తీరికుంటే ఇంట్లో పెద్దవాళ్ల పక్కన కూర్చుని అడగండి. మన ఇంటిపేరు ఊరు ఎక్కడుంది? ఆ పేరుతో ఇంకెన్ని ఊళ్లున్నాయి? మనది ఏది?

‘ఏ ఆత్మకూరు?’ అన్న ప్రశ్న బస్టాండులో విసుగు తెప్పిస్తుంది. ఇంట్లో అడిగితే, తాతయ్య కథ మొదలుపెడతారు.